సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల ప్రాంతీయ సదస్సులు - సాహిత్యపఠనం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల వృత్తినైపుణ్యాల అభివృద్ధికోసం జరిగే ప్రాంతీయ సదస్సులలో తెలుగు సాహిత్యానికి కొంత చోటు దొరుకుతున్నది. అయితే అక్కడ సాహిత్యం పాఠాన్ని రక్తి కట్టించే ఉదాహరణగా వస్తున్నదే తప్ప, ప్రశ్నించి పరిశీలించవలసిన ఆధారంగా రావడం లేదు. 'సాహిత్యం సమాజానికి దర్పణం' అనే సూత్రం ఈ స్థితికి ముఖ్యకారణమని, ఆ సూత్రాన్ని సదస్సులకు అందించినది మన సాహిత్యపరిశోధనే అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కన్యాశుల్కం పీఠిక, మాలపల్లి, ప్రజల మనిషి, అంటరాని వసంతం, పాఠ్యపుస్తకాలలోని కల్పితగ్రామం ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: సాంఘికశాస్త్రం, ఉపాధ్యాయ సదస్సు, ఆధారవిమర్శ, కన్యాశుల్కం, మాలపల్లి, పాఠ్యపుస్తకం.

1. ఉపోద్ఘాతం

ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు నిరంతరశిక్షణ అవసరమన్న ఆలోచన మనకు కొత్తది కాదు. ఇరుగుపొరుగు పాఠశాలలను ఒక సముదాయంగా కలపాలని కొఠారీ కమిషన్ (1964-66) సూచించింది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లా విద్యాశిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి. ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధి కార్యక్రమాలలో పాల్గొనాలని 2020 జాతీయ విద్యావిధానం ఆశించింది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశం మొదలుకొని, నాలుగైదు జిల్లాల సోషల్ టీచర్లు ఒకచోట చేరే ప్రాంతీయ సదస్సు వరకు ఈ గంటలు రకరకాలుగా నిండుతుంటాయి.

ఈ సదస్సులలో మూల్యాంకన విధానం, పటనైపుణ్యాలు, ప్రాజెక్టు పనులు, బోధనోపకరణాలు, డిజిటల్ పాఠాలు తప్పనిసరిగా చర్చకు వస్తాయి. వాటి మంచిచెడ్డలు విద్యాశాస్త్రజ్ఞులు చూడవలసినవి. సాహిత్యవిమర్శకు సంబంధించిన విషయం వేరొకటి ఉంది. ప్రాంతీయస్థాయి సదస్సు అనగానే మధ్యాహ్నం భోజనానంతరం ఒక గంట 'సాహిత్యం - సమాజం' అనే అంశానికి కేటాయించి, దగ్గరలోని కళాశాల తెలుగు అధ్యాపకులను ఆహ్వానించడం ఒక ఆనవాయితీగా మారింది. (భోజనానంతరమే ఎందుకు అన్న ప్రశ్నకు నిర్వాహకుల దగ్గర నిజాయితీగల సమాధానమే ఉంటుంది: పద్యం పాడితే సభ మేలుకొంటుంది.) ఆ గంటలో జరుగుతున్న సాహిత్యపఠనం ఎటువంటిదన్నదే ఇక్కడి పరిశీలన.

2. 'శాస్త్రం' అన్న పేరు, 'దర్పణం' అన్న సూత్రం

అమెరికాలో ఈ బోధనాంశానికి ఉపాధ్యాయుల జాతీయ మండలి 1921లోనే ఏర్పడింది. ఆ మండలి 1992లో ఆమోదించిన నిర్వచనం సోషల్ స్టడీస్‌ను సామాజికశాస్త్రాలు, మానవీయశాస్త్రాలు కలిసిన అధ్యయనంగా పేర్కొన్నది. అంటే అక్కడ సాహిత్యానికి ఆ అంశపు నిర్వచనంలోనే తావు ఉంది. మనం 'అధ్యయనం' అనవలసినచోట 'శాస్త్రం' అన్నాం. పేరు చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, దాని ఫలితం చిన్నది కాదు. శాస్త్రమన్నాక పట్టికలు, పటాలు, తేదీలు, శాసనాలు ఆధారాలవుతాయి. కథ, నవల, నాటకం ఆ వరుసలో నిలవలేక 'ఆసక్తి కలిగించే అంశాలు' అనే శీర్షిక కిందికి జారిపోతాయి.

ఇక దర్పణం సంగతి. రచన సమాజాన్ని ప్రతిబింబిస్తుందని ఒప్పుకొన్న తరువాత ఉపాధ్యాయునికి అడగవలసిన ప్రశ్నలేవీ మిగలవు. అద్దాన్ని ఎవరూ ప్రశ్నించరు. అదే రచనను ఒక సాక్షి వాఙ్మూలంగా తీసుకొంటే ప్రశ్నలు వెంటనే మొదలవుతాయి. చెప్పినవారెవరు? ఎప్పుడు చెప్పారు? ఘటనకు, చెప్పిన సమయానికి మధ్య ఎంత దూరముంది? ఎవరిని ఒప్పించడానికి చెప్పారు? ఏమి చెప్పకుండా వదిలారు? శాసనాన్ని చదివేటప్పుడు, యాత్రికుని రాతలను చదివేటప్పుడు చరిత్ర ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నలనే వేస్తాడు. నవల దగ్గరకు వచ్చేసరికి ఆ అలవాటును గది బయట విడిచిపెట్టి రావడం విచిత్రం. ఆ పని అతనిచేత చేయిస్తున్నది సాహిత్యం తెలిసిన వక్తలే కావడం మరింత విచిత్రం.

3. కన్యాశుల్కం పీఠికలోని పట్టిక

సంస్కరణోద్యమ పాఠం వచ్చినప్పుడు సదస్సులలో తప్పక వినిపించే పేరు కన్యాశుల్కం. గిరీశం మాటలు, మధురవాణి చతురత, అగ్నిహోత్రావధాన్లు కోపం చెప్పి నవ్వించి, 'ఆనాటి సమాజం ఇలా ఉండేది' అని ముగించడం రివాజు. 1892లో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన ఈ నాటకాన్ని గురజాడ పూర్తిగా తిరగరాసి 1909లో మళ్ళీ ప్రచురించాడు. ఈ రెండింటిలో దేనిని 'ఆనాటి సమాజం' అనాలి? పదిహేడేళ్ళ వ్యవధిలో రచయిత చూపు మారింది, మధురవాణి పాత్ర పెరిగింది, నాటకం బరువు ఒకచోటినుంచి మరొకచోటికి జరిగింది. సమాజం అంతగా మారిందా, లేక రచయిత మారాడా అని అడిగితే పదవ తరగతి విద్యార్థి కూడా ఆలోచనలో పడతాడు.

అంతకన్నా విలువైనది తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక. విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ళ కాలంలో శుల్కం పుచ్చుకొని జరిగిన బ్రాహ్మణ వివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించిన విషయం అందులో ఉంది. జాబితాకెక్కిన పెళ్ళిళ్ళు 1034. అంటే ఏడాదికి సగటున 344. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది, మూడేళ్ళవారు 36 మంది, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికి పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు.

సాంఘికశాస్త్ర ఉపాధ్యాయునికి ఇంతకన్నా సిద్ధమైన పాఠ్యసామగ్రి తెలుగు సాహిత్యంలో అరుదు. అయినా ఈ వ్యాసకర్త విన్న సదస్సు ప్రసంగాలలో ఈ పట్టిక ప్రస్తావన ఎక్కడా రాలేదు. నాటకమే 'దర్పణం' అయినప్పుడు పీఠికతో పనేముంటుంది?

పట్టికను గదిలోకి తెచ్చి ఊరుకోవడం కూడా చాలదు. ఆ జాబితా సమగ్రమూ కాదు, పూర్తిగా సరైనదీ కాదని, సొమ్ము తీసుకొన్నామని ఒప్పుకోవడానికి సంబంధీకులు సహజంగానే ఇష్టపడరని గురజాడే చెప్పాడు. అయినప్పటికీ దాని విలువను గుర్తించాడు. ఆధారాన్ని ఉపయోగిస్తూనే దాని పరిమితిని చెప్పడం చరిత్రకారుని పద్ధతి. ఒక నాటకకర్త 1897లో తన పీఠికలో ఆ పని చేశాడు. ఇప్పుడు ఈ నాలుగు అంకెలమీద వేయదగిన ప్రశ్నలు చూడండి. జాబితా బ్రాహ్మణ వివాహాలకు పరిమితం. మరి 'తెలుగు సమాజంలో కన్యాశుల్కం' అని సాధారణీకరించవచ్చునా? అనేక ఇతర కులాలలో ఉన్న ఓలి ఆచారం దీనితో సమానమా, వేరా? జిల్లాలోని ఏజెన్సీ ప్రాంతాలు లెక్కలోకి రాలేదు. ఎందుకు? దాచిన పెళ్ళిళ్ళు ఏ వయసు పిల్లలవి అయ్యే అవకాశం ఎక్కువ? ఒక మహారాజు కోరితే సమాచారం ఇచ్చేవాళ్ళు ఎలా మాట్లాడతారు? నాటకంలో సుబ్బి పెళ్ళిబేరంలోని సొమ్మును ఈ జాబితాలోని సొమ్ముతో పోల్చితే హాస్యంకోసం రచయిత పెంచినదెంత?

ఈ ప్రశ్నలకు రెండు గంటల కార్యశాల సరిపోతుంది. కావలసినది ఒక పుట తెలుగు అనువాదం, నాటకంలోని ఒక రంగం. రెంటినీ ఎదురెదురుగా పెట్టుకొని చదివిన ఉపాధ్యాయునికి, సాహిత్యం నవ్వించిన చోట పట్టిక ఎంత నిశ్శబ్దంగా ఉందో, పట్టిక నిశ్శబ్దంగా ఉన్న చోట నాటకం ఏమి మాట్లాడిందో తెలుస్తుంది. బుచ్చమ్మ, మీనాక్షి ఏ జాబితాలోనూ లేరు. శుల్కవివాహాల లెక్క తీసినవారు ఆ పెళ్ళిళ్ళ తరువాత మిగిలే వితంతువుల లెక్క తీయలేదు. అది నాటకం తీసింది.

4. మాలపల్లి: ఏ ప్రతి, ఎవరి చూపు

ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన మాలపల్లి 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. కొన్ని భాగాలు తొలగించాక అనుమతించింది, మళ్ళీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం అధికారానికి వచ్చిన తరువాత నిషేధం తొలగింది. జాతీయోద్యమ పాఠంలో ఈ విషయం ఒక వాక్యంగా వినిపిస్తుంది: 'బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన నవల'. తొలగించిన భాగాలేవి, ఎందుకు తొలగించమన్నారు అన్న ప్రశ్న సదస్సులో తలెత్తదు. పాలకులు ఒక పుస్తకాన్ని ఎంత శ్రద్ధగా చదువుతారో తెలుసుకోవడానికి అంతకుమించిన పాఠం లేదు. వ్యవసాయకూలీల సమ్మె ఉన్న నవలకు, స్వరాజ్య ప్రబోధమున్న నవలకు సర్కారు భయపడినది దేనికి అన్నది తరగతిలో నిజమైన చర్చ కాగలదు.

అయితే ఈ నవల విషయంలో దర్పణసూత్రం చేసే హాని మరొకటి ఉంది. దానిని నెమ్మదిగా చూడాలి. రామదాసు భక్తుడు, సహనశీలి. చౌదరయ్య చేతిలో కొడుకు సంగదాసు చనిపోయినా అతడు ప్రతీకారం కోరడు. మరో కొడుకు వెంకటదాసు తిరుగుబాటు దారి పడతాడు. ఇది ఒక రచయిత ఒక ప్రత్యేక కాలంలో చేసిన కల్పన. దళితేతరుడు, గాంధేయోద్యమంలో జైలుకు వెళ్ళినవాడు, రష్యా విప్లవవార్తలు విన్నవాడు చేసిన కల్పన. దీనిని 'ఆనాటి మాలల జీవితానికి దర్పణం' అని చెప్పిన మరుక్షణం రామదాసు సహనం రచయిత ఎంపికగా కాక, ఒక జనసమూహపు స్వభావంగా స్థిరపడుతుంది. ఆ పేటనుంచే వచ్చి మూడో బెంచీలో కూర్చొన్న విద్యార్థికి, తన ముత్తాత ఇలా ఉండేవాడని ఒక అధికారిక స్వరం చెబుతున్నదన్నమాట. నవలను ప్రేమించే ఉపాధ్యాయుడే, మంచి ఉద్దేశంతోనే ఈ పని చేయగలడు. అందుకే ఇది శిక్షణకు సంబంధించిన సమస్య.

కారంచేడు (1985), చుండూరు (1991) ఘటనల అనంతరం వికసించిన దళితసాహిత్య విమర్శ, దళితేతరుల దళితచిత్రణను ఎలా చదవాలో ప్రశ్నించింది. విశ్వవిద్యాలయ తెలుగుశాఖలలో ఆ చర్చ పాతబడింది కూడా. ఉపాధ్యాయ సదస్సు వేదికమీదికి మాత్రం అది చేరలేదు. అక్కడ మాలపల్లి ఇంకా 1922లోనే ఉంది.

5. ప్రజల మనిషి: కాలవ్యవధి

తెలంగాణ సాయుధపోరాట నేపథ్యాన్ని చెప్పడానికి వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషిని ఉదాహరించడం తెలంగాణ జిల్లాల సదస్సులలో పరిపాటి. వెట్టి, దేశముఖుల గడీ, గ్రంథాలయాలు, ఆంధ్రమహాసభ ప్రభావం, ఇవన్నీ అందులో ఉన్నమాట నిజం. కాని నవల అచ్చయినది 1955లో. కథాకాలం సాయుధపోరాటానికి ముందుది. మధ్యలో 1946-51 పోరాటం, 1948 సెప్టెంబరు, రచయిత జైలు జీవితం ఉన్నాయి. ముగింపు తెలిసిన మనిషి ఆరంభాన్ని రాశాడు. కంఠీరవం పాత్రలో కనిపించే నిబ్బరం 1930ల యువకునిదా, 1955 నాటి రచయితదా అని అడగడం నవలను తక్కువ చేయడం కాదు. ఉద్యమంలో ఉన్నవాడు ఉద్యమాన్ని ఎలా గుర్తుచేసుకొన్నాడన్నది కూడా చరిత్రే. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళు (1969) దగ్గర ఇదే వ్యవధి మరింత పెరుగుతుంది. రెండు నవలలలోని గడీని పక్కపక్కన పెట్టి చదివితే ఈ విషయం సులభంగా బోధపడుతుంది.

6. పాఠ్యపుస్తకంలోని కల్పన

సాహిత్యం సాంఘికశాస్త్రానికి బయటిది అనుకొనే ఉపాధ్యాయుడు తన చేతిలోని పుస్తకాన్నే మరొకసారి చూడాలి. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదవ తరగతి అర్థశాస్త్రపుస్తకం పాలంపూర్ అనే గ్రామకథతో మొదలవుతుంది. అది కల్పితగ్రామం. గిల్బర్ట్ ఎటియెన్ ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో చేసిన గ్రామాధ్యయనం దానికి కొంతవరకు ఆధారం. మన పదవ తరగతి పుస్తకంలో వచ్చిన రాంపురం కూడా ఆ కోవలోనిదే. అంటే ఉత్పత్తి కారకాలను బోధించడానికి పాఠ్యపుస్తక రచయితలు ఆశ్రయించినది కల్పననే.

కల్పన కనుక దానిని విమర్శకుని కంటితో చదవవచ్చు. పాలంపూర్‌లో 450 కుటుంబాలు ఉంటాయి. ఎక్కువ భూమి 80 అగ్రకుల కుటుంబాలది. జనాభాలో మూడోవంతు ఉన్న దళితులు ఊరికి ఒక మూలన చిన్న ఇళ్ళలో ఉంటారు. పెద్దరైతు తేజ్‌పాల్ సింగ్. అతని దగ్గర 24 శాతం వడ్డీకి అప్పు తీసుకొనే చిన్నరైతు సవిత. భూమిలేని కూలీ డాలా. ఆసామికి ఇంటిపేరుతో కూడిన నిండుపేరు, కూలీకి ఒంటిపేరు. నవలను సమీక్షించేటప్పుడు ఇటువంటి నామకరణాన్ని మనం వదిలిపెట్టం. అప్పు నిబంధనలు కఠినమైనవని తెలిసీ సవిత ఒప్పుకొంటుంది. కనీసవేతనం కన్నా తక్కువకు డాలా పనిచేస్తాడు. ఊరిలో అసమానత ఉంది, తగాదా లేదు. సమ్మె లేదు, పంచాయితీ లేదు, ఎవరూ గొంతు పెంచరు. మాలపల్లిలోని మంగళాపురాన్ని ఈ పాలంపూర్ పక్కన నిలబెడితే, దేనిని 'కథ' అనాలో దేనిని 'శాస్త్రం' అనాలో ఒక్క క్షణం తడబాటు కలుగుతుంది. సదస్సులో ఈ రెండు గ్రామాలనూ ఒకే గంటలో చదివించవచ్చు. ఉపాధ్యాయులు పాఠ్యపుస్తకాన్ని కూడా ఒక రచనగా చూడడం అక్కడినుంచి మొదలవుతుంది. ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లో ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగుగా వస్తున్న పుస్తకాలను 'మిర్రర్ ఇమేజ్' పుస్తకాలనడం వాడుక అయింది. ఇక్కడా అద్దమే!

జాతీయస్థాయిలో జరిగిన ఒక మార్పును కూడా గుర్తుచేయాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి చరిత్రపుస్తకంలో నవల, సమాజం, చరిత్రల సంబంధం గురించి ఒక పూర్తి అధ్యాయం ఉండేది. కందుకూరి వీరేశలింగం గోల్డ్‌స్మిత్ నవలను అనువదించబోయి విరమించుకొని, రాజశేఖర చరిత్రాన్ని (1878) స్వతంత్రంగా రాసిన వైనం అందులో ఉంది. నవలను ఎవరు చదివారు, ఎవరు చదవకూడదన్నారు, అచ్చు చవక కావడం వల్ల ఏమి జరిగింది అని ప్రశ్నించిన అధ్యాయమది. పాఠ్యభారం తగ్గించే పేరుతో 2019లో దానిని తొలగించారు. తెలుగు నవల దేశమంతటి విద్యార్థుల చరిత్రపుస్తకంలో చోటుచేసుకొన్న ఆ అధ్యాయం పోయినప్పుడు చరిత్రకారులు కొంత మాట్లాడారు. తెలుగు పరిశోధకులకు మాత్రం అది తమ విషయమని తోచినట్లు లేదు.

7. తెలుగుశాఖల బాధ్యత

సదస్సు నిర్వాహకులను తప్పుపట్టి ఊరుకోవడం సులభం. వారు ఆహ్వానించే వక్తలు మన శాఖలనుంచి వెళుతున్నారు. వారి ప్రసంగాలకు మూలం మన సిద్ధాంతగ్రంథాలు. 'ఫలానావారి నవలలు - సామాజిక చిత్రణ', 'ఫలానావారి కథలలో సమాజం' అనే శీర్షికలతో సమర్పితమైన గ్రంథాలను ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చూసినా వరుసగా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఒకే పద్ధతి: నవలలోనుంచి వరకట్నం, అంటరానితనం, నిరుద్యోగం, స్త్రీల స్థితి అనే అరలలోకి వాక్యాలను ఏరి సర్దడం. రచన ఏ సంవత్సరంలో, ఏ పత్రికలో, ఏ పాఠకులకోసం వచ్చిందన్నది రచయిత జీవితవిశేషాల అధ్యాయంలో ఒక పేరాగా మిగిలిపోతుంది. ప్రతుల తేడాలు పరిష్కర్తల పనిగా మిగిలిపోతాయి. ఇటువంటి గ్రంథంనుంచి సోషల్ టీచరుకు అందేది అరలలో సర్దిన వాక్యాలే.

కావలసినది భిన్నమైన పరిశోధన. పాఠ్యప్రణాళికలోని ఒక్కొక్క అంశానికి తగిన రెండుమూడు సాహిత్యఖండాలను ఎంపికచేసి, ప్రతి ఖండానికీ రచనాకాలం, కథాకాలం, రచయిత స్థానం, ప్రతుల చరిత్ర, దానికి ఎదురుగా నిలిపి చదవదగిన సాహిత్యేతర ఆధారం చేర్చిన వ్యాఖ్యానసహిత సంకలనం ఒక ఎం.ఫిల్. స్థాయి పనిగా ఏనాడో జరగవలసింది. సదస్సులో గంట ప్రసంగానికి బదులు అటువంటి సంకలనంలోని ఒక్క ఖండంమీద పూట అంతా పనిచేయించవచ్చు. ఉపాధ్యాయులకు ఇది భారమన్న వాదన వినిపించవచ్చు. నిజానికి వారిలో అనేకులు తమ ఊరి శాసనాలను, కైఫీయతులను సొంత ఆసక్తితో చదువుతున్నవారే.

ఒక ఉదాహరణ. 1876-78 కరువుకాలంలో కరువుపనులలో భాగంగా తవ్వకం సాగించి, నాటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన బకింగ్‌హాం కాలువ బాపట్ల, ప్రకాశం, నెల్లూరు జిల్లాల తీరం వెంట ఇప్పటికీ ఉంది. ఆ జిల్లాల ఉపాధ్యాయులలో కొందరి పాఠశాలలు దానికి నడకదూరంలో ఉంటాయి. జి. కళ్యాణరావు అంటరాని వసంతం (2000)లో ఆకలితో ఆ కాలువ పనులకు వెళ్ళిన దళితులకు అక్కడ కూడా కులం అడ్డుపడిన ఘట్టం ఉంది. కథ రూతు జ్ఞాపకాలమీదుగా నడుస్తుంది. ఆమె చూసినవి కొన్ని, విన్నవి కొన్ని. కరువుపనుల గురించి ప్రభుత్వం వదిలివెళ్ళిన నివేదికలు మరోవైపు ఉన్నాయి. వాటిలో కూలీల సంఖ్య, కూలి రేట్లు, తవ్విన మైళ్ళు ఉంటాయి. నవల వెలువడేనాటికి కాలువకు నూటపాతికేళ్ళు కావస్తున్నాయి. నివేదిక రాసిన అధికారి కాలువగట్టు మీదే నిలబడి రాసి ఉండవచ్చు. రూతు ఆ గట్టును ఆ రోజున చూడలేదు. ఈ రెండింటిలో దేనిని ఎంతవరకు నమ్మాలి, పనికి రానివ్వక వెనక్కు పంపినవారి లెక్క నివేదికలోని ఏ గడిలో ఉంటుంది అన్న ప్రశ్నతో ఒక పూట సమావేశాన్ని కాలువగట్టు మీదనే ప్రారంభించవచ్చు.